ముళ్ల వంకాయ జాతి అలంకార మొక్కలు గింజ నుంచి: సమస్య - పరిష్కారం

ఆకు నడి ఈనె పొడవునా నారింజ రంగు ముళ్లుండే మడగాస్కర్ మొక్క సోలానం పైరకాంథోస్. కొమ్ములు మొలిచినట్టుండే పసుపు కాయల సోలానం మమ్మోసం, దీన్ని చైనాలో కొత్త సంవత్సరానికి ఇంట్లో అలంకరణగా పెట్టుకుంటారు. ఆకుల మీద ఊదా రంగు నూగుతో ఈక్వడార్, కొలంబియా వైపు నుంచి వచ్చిన సోలానం క్విటోయెన్స్. నల్లటి కాడలతో బ్రెజిల్ జాతి సోలానం ఆట్రోపర్పూరియం. ఇవన్నీ మన వంకాయకి దాయాదులే. వంగనారు పోసిన చేతులకి వీటిని పెంచడం కష్టం కాదు. కానీ గింజ మొలిపించే దగ్గర మాత్రం వంగ అలవాట్లు పనికిరావు. గొడవంతా అక్కడే వస్తుంది.

నారు పోయడం, కుండీ మార్చడం, నీళ్లు పెట్టడం మీకు వచ్చనే అనుకుని నేరుగా సమస్యల్లోకి వెళ్తున్నాను.

సమస్య: మూడు వారాలైనా ఒక్క మొలకా లేదు

ఖాళీ ట్రే ఫొటో పంపి "గింజలు పాడైపోయినవి ఇచ్చారండీ" అంటారు. నేను అడిగే మొదటి మాట ఒక్కటే: ఒక గింజ తవ్వి చూశారా? చూసినవాళ్లు దాదాపు ఉండరు. దయచేసి చూడండి. రెండు నిమిషాల పని. దీంతో సగం అనుమానాలు తీరిపోతాయి.

టూత్‌పిక్‌తో ఒక గింజని బయటికి తీసి, కడిగి, తెల్ల కాగితం మీద పెట్టి గోటితో నొక్కండి. మెత్తగా నలిగి గోధుమ రంగు నీరు వస్తే అది కుళ్లిపోయింది. నొక్కగానే పొట్టు చిట్లి లోపల ఏమీ లేకపోతే అది తాలు. గట్టిగా ఉండి, బ్లేడుతో కోస్తే లోపల తెల్లగా, చుట్ట తిరిగిన పిండం కనిపిస్తే గింజ బతికే ఉంది, నిద్రలో ఉంది. కనీసం మూడు నాలుగు గింజలు ఇలా చూశాక నిర్ణయానికి రండి.

కుళ్లిందంటే నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా మూత పెట్టిన డబ్బాని ఎండలో ఉంచారు. మూసిన ప్లాస్టిక్ డబ్బా మన ఎండలో అరగంటలో కాగిపోతుంది, లోపలి గింజ ఉడికిపోతుంది. తాలు అయితే విత్తనం మార్చడమే. ఇక గట్టిగా, తెల్లగా ఉంటే ట్రే పారేయకండి. అసలు విషయం ఇప్పుడు మొదలవుతుంది.

గింజ బాగుంది, తడి ఉంది, వెచ్చగా ఉంది, అయినా మొలవదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించిన సమస్య ఇదే. కారణం తేలిగ్గా దొరకదు, ఎందుకంటే అందరూ సలహా ఇచ్చినట్టే చేసి ఉంటారు. "వెచ్చగా ఉంచండి" అంటే ట్రేని ఫ్రిజ్ మీదో, హాల్లో టీవీ పక్కనో పెడతారు. అమెరికాలో ఉన్నవాళ్లయితే హీట్ మ్యాట్ (ట్రే కింద పరిచే కరెంటు వేడి పరుపు) మీద పెట్టి 28 డిగ్రీల దగ్గర రాత్రింబవళ్లు ఆన్‌లో వదిలేస్తారు. తప్పు సరిగ్గా అక్కడే ఉంది. వేడి చాలకపోవడం కాదు, వేడి మారకపోవడం.

సోలానం జాతి అడవి మొక్కల గింజల్లో చాలావాటికి పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ మధ్య తేడా తగలాలి. దీనికి అర్థం ఉంది. నేల పైపొర పగలు కాగి రాత్రి చల్లారుతుంది. లోతుకి పోయినకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది. దట్టమైన చెట్టు నీడలోనూ అంతే. కాబట్టి గింజకి వేడి హెచ్చుతగ్గులు తగిలాయంటే తాను పైపొరలో ఉన్నట్టు, పైన ఆకాశం తెరిపిగా ఉన్నట్టు లెక్క. మొలిస్తే వెలుగు దొరుకుతుంది. రోజంతా ఒకే వేడి తగిలితే లోతులో ఉన్నాననుకుని పడుకునే ఉంటుంది. పొలాల్లో వెయ్యేళ్లుగా సాగైన వంగ, టమాటా ఈ పట్టింపుని చాలావరకు వదిలేశాయి. అడవి జాతులు వదల్లేదు. ఆ మాటకొస్తే వంగ విత్తనానికి కూడా, అంతర్జాతీయ మొలక పరీక్ష నియమాల్లో ఒకే వేడి పెట్టరు: రోజులో 16 గంటలు 20 డిగ్రీలు, 8 గంటలు 30 డిగ్రీలు.

మనకి దగ్గరి ఉదాహరణ ఉస్తికాయ. వంగ, టమాటా అంట్లు కట్టే నర్సరీలు వేరుమొక్కగా, అంటే అంటుకి కింద వేరునిచ్చే మొక్కగా, దీన్ని వాడతాయి, ఎండు తెగులుకీ నులిపురుగులకీ తట్టుకుంటుంది కాబట్టి. దీని విత్తనం ట్రేలో మొలిపించడం ఎంత మొండి వ్యవహారమో ఆ నర్సరీవాళ్లనే అడగండి. అదే ఉస్తి, పిట్ట రెట్టలో పడి గోడవారన, చెత్తకుప్ప పక్కన ఎవరూ పట్టించుకోకుండానే లేస్తుంది. మొలవలేదని మిద్దె మీద మూలకి గుమ్మరించిన మట్టిలో, కొన్నాళ్లకి అవే గింజలు లేవడం మిద్దె తోటలవాళ్లలో చాలామంది చూసే ఉంటారు. మట్టీ అదే, గింజా అదే. మారింది చోటు.

మీ ట్రేలో ఇదే కారణమో కాదో తేల్చుకోవడానికి తీగతో ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్ చాలు. తీగ కొసని గాల్లో కాదు, మట్టిలో గింజ ఉన్న లోతులో గుచ్చండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూడండి. తేడా నాలుగైదు డిగ్రీల లోపే ఉంటే దొంగ దొరికినట్టే. పది డిగ్రీల దాకా తేడా ఉండాలి.

పరిష్కారం మన దగ్గర పెద్ద ఖర్చు లేనిది. హైదరాబాదు, వరంగల్, కర్నూలు వైపు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పగలు 30కి అటూ ఇటూ, రాత్రి 20 లోపు. ట్రేని ఇంట్లోంచి తీసి, ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ వచ్చే బాల్కనీలో పెడితే చాలు. రాత్రి లోపలికి తేకండి. "చలికి పాపం" అని దుప్పటి కప్పకండి. కోస్తాలో ఉన్నవాళ్లకి సమస్య కొంచెం గట్టిది: విజయవాడ, కాకినాడ, విశాఖల్లో వానాకాలం రాత్రులు కూడా ఉక్కగానే ఉంటాయి, తేడా చాలదు. డిసెంబరు, జనవరి కోసం ఆగండి. ఆగలేకపోతే పగలు బాల్కనీలో ఉంచి, రాత్రి ఏసీ గదిలో కింద నేల మీద పెట్టండి. పడమర ఎండ నేరుగా కొట్టే చోటు మాత్రం వద్దు. విదేశాల్లో హీట్ మ్యాట్ వాడేవాళ్లు ఒక టైమర్ తగిలించి పగలు పది పన్నెండు గంటలు ఆన్, రాత్రంతా ఆఫ్ పెట్టుకోండి.

వెలుగు కూడా తోడు కావాలి. గింజ మీద రెండు మూడు మిల్లీమీటర్లకి మించి మట్టి వెయ్యకండి. ట్రేని చీకటి అలమరలో దాచకండి. ఇలా పెట్టాక రెండు నుంచి ఆరు వారాలు ఆగాలి. ఒక్కసారే అన్నీ రావు. ఒకటి లేచాక పది రోజులకి ఇంకోటి లేస్తుంది. మొదటి మొలక రాగానే దాన్ని చెమ్చాతో ఎత్తి వేరే కప్పులో పెట్టి ట్రేని అలాగే కొనసాగించండి.

అప్పటికీ కదలకపోతే జిబ్బరెల్లిక్ యాసిడ్, గింజని నిద్ర లేపే హార్మోను మందు. పొలాల్లో కొట్టే 0.001 శాతం సీసా చాలా పలచనిది, లీటరుకి 10 మిల్లీగ్రాములే. నానబెట్టడానికి పొడి కొనాలి. 100 మిల్లీగ్రాముల పొడిని ముందు కొద్దిగా స్పిరిట్‌లో కరిగించి లీటరు నీళ్లలో కలిపి, గింజల్ని ఒక రోజు ఉంచండి. పొడి నేరుగా నీళ్లలో తేలిగ్గా కరగదు. మోతాదు పెంచితే మొలక సన్నగా సాగి కూలబడుతుంది. దీన్ని మొదటి రోజే వాడేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. చోటు మారిస్తే లేచే గింజకి మందు ఎందుకు?

సమస్య: మొలిచి, మొదటి రెండాకుల దగ్గరే ఆగిపోయింది

రెండు వారాలుగా అదే రెండాకులు, అంచులు ఎండినట్టు, మధ్యలో చిగురు సూది మొనంత. ఎరువు చాలలేదేమో అని ఎరువు వేస్తారు, మర్నాటికి పోతుంది. కారణం ఎక్కువగా కోకోపీట్‌లో (మట్టికి బదులు వాడే కొబ్బరి పొట్టు) ఉప్పు. ఇటుకల్లా నొక్కి అమ్మే కోకోపీట్‌ని కడగకపోతే అందులో సోడియం, పొటాషియం లవణాలు బాగా ఉంటాయి. వంగనారు ఎలాగో నెట్టుకొస్తుంది, ఇవి నెట్టుకురావు.

వాటర్ ఫిల్టర్ బాగు చేసే కుర్రాడి దగ్గర నీటిలో కరిగిన లవణాలు ఎంతో చూపే పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటుంది చూడండి, అది ఒకటి కొనుక్కోండి. కోకోపీట్ నానబెట్టి పిండిన నీటిలో ముంచండి. మీ కుళాయి నీటి అంకెకి దగ్గరగా వచ్చేదాకా కడిగి పిండుతూనే ఉండండి. మీటరు లేకపోతే పిండిన నీళ్లు చిక్కటి డికాషన్ రంగు నుంచి లేత రంగుకి వచ్చేదాకా.

ఇంకో మాట. ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే నీటిని పొదుపుగా మొక్కలకి పోసేవాళ్లు చాలామంది. ఆ నీటిలో లవణాలు గాఢమై ఉంటాయి. నేల తుడవండి, బాత్రూములో వాడండి, నారుకి మాత్రం వద్దు. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే అంతకన్నా మంచిది లేదు.

సమస్య: నిన్న నిలబడ్డ మొలక ఇవాళ అడ్డంగా పడింది

కాడ నేలని తాకే చోట నీరుపట్టి సన్నబడి ఉంటే నారుకుళ్లు. దీని గురించి మీకు తెలిసే ఉంటుంది. పైనుంచి నీళ్లు చల్లడం ఆపి, ట్రే కింద పళ్లెంలో పోయండి. మూత తీసేయండి, గాలి ఆడనివ్వండి. మిగిలినవాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి కాడ మొదట్లో పోయండి. పడిపోయింది లేవదు.

సమస్య: తల మీద గింజ పొట్టు ఊడలేదు

పైన మట్టి మరీ తక్కువైనా, గాలి పొడిగా ఉన్నా ఇలా అవుతుంది. గోటితో గిల్లకండి, ఆకులు తెగి వస్తాయి. తడి దూది ఒక గంట ఆనించి ఉంచి, తర్వాత ట్వీజర్‌తో నెమ్మదిగా లాగండి.

సమస్య: నాలుగైదు ఆకులు వచ్చినా ముళ్లు లేవు

పైరకాంథోస్ అని కొన్నట్టయితే, మీకు వచ్చింది ఆ గింజ కాదు. పైరకాంథోస్ అయితే ఈపాటికే ఆకు ఈనె మీద నారింజ ముళ్లు కనిపించాలి. ఆన్‌లైన్‌లో నీలం, ఇంద్రధనుస్సు రంగులు పూసిన ఫొటోలతో అమ్మే ప్యాకెట్ల జోలికి వెళ్లకండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఉమ్మెత్త గింజలు చూడ్డానికి మిరప గింజల్లాగే ఉంటాయి. అలంకారానికి జోడు పూల నల్ల ఉమ్మెత్త పెంచేవాళ్లు ఆ గింజల్ని వంటింట్లో ఆరబెట్టడం మానండి. ప్రతి ట్రేకీ పేరు రాయండి. మమ్మోసం కాయా విషమే. పసిపిల్లలున్న ఇంట్లో రంగు కాయ చేతికందే ఎత్తులో పెట్టకండి.

సమస్య: పూలు విరగబూస్తున్నాయి, ఒక్క కాయా నిలవదు

ముందు పువ్వు మధ్యలో చూడండి. పసుపు కేసరాల గుంపుని దాటి కీలాగ్రం (పుప్పొడి అందుకునే కొస) బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది కాయ కాసే పువ్వు. లోపలే పొట్టిగా ఉండిపోతే రాలిపోయే పువ్వే. వంగలోనూ ఇంతే. ముళ్ల సోలానాల్లో గుత్తి మొదట్లోని ఒకటి రెండు పూలే కాయలయ్యేవి, మిగతావి మగపూలు. కాబట్టి రాలడం చూసి టెన్షన్ పడకండి.

మొదటి పూలు కూడా రాలుతుంటే పుప్పొడి అందడం లేదు. ఈ జాతి కేసరాలు నిలువునా చీలవు, కొసన చిన్న రంధ్రాలుంటాయి. ఒణికిస్తేనే పుప్పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకి ఆ పని రాదు, తుమ్మెదకి వచ్చు. నేల మీది పెరట్లో తుమ్మెదలు చూసుకుంటాయి. పై అంతస్తు బాల్కనీల్లో అవి రాకపోతే ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక వైపుని పూకాడకి ఆనించి రెండు మూడు సెకన్లు ఆన్ చేయండి. ఉదయం పూటే చేయండి. రాత్రులు బాగా వేడెక్కే ఏప్రిల్, మే నెలల్లో ఎంత ఒణికించినా నిలవవు. మొక్కని బతికించుకుంటే చాలు.

మిగతావి అరుదు. ఆకులన్నీ చిన్నవై కుచ్చులా గుబురైతే వెర్రి తెగులు, పీకి పారేయండి. ఆకు మీద పచ్చ, లేతపచ్చ మచ్చలు కలగలిసి వస్తే వైరస్, అదీ పీకేయడమే. చుట్ట, సిగరెట్ తాగిన చేతులతో నారు ముట్టకండి. పిండినల్లికి వేపనూనె, సబ్బునీళ్లు చాలు.

కాయ పండాక గింజలు తీసేవాళ్లకి: గ్లౌజులు వేసుకుని గుజ్జుని రెండు రోజులు నీళ్లలో పులియబెట్టి, జిగురు పోయేదాకా కడిగి, నీడలో ఆరబెట్టండి. వెంటనే పోస్తే మొండికేస్తాయి. కాగితం కవర్లో మూడు నాలుగు నెలలు ఉంచండి. మార్చిలో తీసిన గింజని నవంబరు చివర్న బాల్కనీలో పోసుకోండి.