హార్డ్‌కోర్ ఆల్బమ్‌లో బరువైన రిఫ్‌లను, యాంబియంట్ ధ్వనులను కలిపి అల్లడం ఎలా?

హార్డ్‌కోర్ (పంక్ నుంచి పుట్టిన దూకుడు సంగీతం) బ్యాండ్‌లు యాంబియంట్ ధ్వనుల (లయకన్నా వాతావరణాన్ని సృష్టించే నిలకడ ధ్వనుల) జోలికి వెళ్లినప్పుడు చాలాసార్లు జరిగేది ఒకటే. పాటలన్నీ పూర్తిగా రికార్డు చేసిన తరువాత, చివరి వారంలో ఎవరో ఒకరు సింథసైజర్ తెచ్చి గిటార్ల మీద ఒక పొరను పరుస్తారు, పాటల మధ్య నిమిషంన్నర గాలిచప్పుడు అతికిస్తారు. వినేవారు ఆ గాలిచప్పుడును దాటవేసి తరువాతి రిఫ్‌కు (పదేపదే వచ్చే గిటార్ వరుసకు) వెళ్లిపోతారు, పరిచిన పొర గిటార్ల కింద వినబడకుండా పోతుంది. లోపం సింథసైజర్‌ది కాదు, దానికి పాటలో ఎవరూ చోటు మిగల్చకపోవడమే అసలు సంగతి. ఏ క్షణంలో ఏ ధ్వని పక్కకు తప్పుకొని మరొకదానికి దారి ఇవ్వాలన్నది రాసే దశలోనే తేల్చుకున్న బ్యాండ్‌కు ట్రాక్‌లన్నింటినీ కలిపి సమతూకం చేసే మిక్సింగ్ దశలో సగం పని తగ్గుతుంది. ఇప్పటికే రిఫ్‌లు రాయడం వచ్చి, ఒకటి రెండు రికార్డింగ్‌లు చేసి, ఇక ఆల్బమ్ అంతటినీ ఈ దిశగా నడపాలనుకునే బ్యాండ్‌ను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

మొదట తేల్చుకోవలసినది వేగం. నిమిషానికి 200 బీట్‌ల వేగంలో ఒక్కో బీట్‌కు 300 మిల్లీసెకన్ల వ్యవధే ఉంటుంది కనుక, నాలుగు సెకన్లు నిలిచే రివర్బ్ (గదిలో మార్మోగినట్లు ధ్వని సాగే ప్రభావం) తోక పదమూడు బీట్‌ల మీదుగా పాకి, వెనుక వచ్చే ప్రతి దెబ్బనూ అలికేస్తుంది. అదే తోక 72 బీట్‌ల వేగంలో అయిదు బీట్‌లలోపే ముగుస్తుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య అది వికసించి వాడిపోవడం చెవికి స్పష్టంగా తెలుస్తుంది. ఈ సంగీత ధోరణి చరిత్ర కూడా వేగం తగ్గించడంతోనే మొదలయిందని చెప్పవచ్చు. 1984లో బ్లాక్ ఫ్లాగ్ తమ ‘మై వార్’ రెండవ వైపును ఆరేసి నిమిషాలకు పైబడిన మూడు నెమ్మది పాటలతో నింపినప్పుడు అందులో యాంబియంట్ ధ్వని అంటూ ఏదీ లేదు, కానీ దానికి కావలసిన ఖాళీ మాత్రం అక్కడ ఏర్పడింది. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో హార్డ్‌కోర్ పంక్‌తో మొదలైన న్యూరోసిస్ వంటి బ్యాండ్‌లు 1990లలో ఆ ఖాళీని కీబోర్డులతో, శాంపిళ్లతో (ముందే రికార్డు చేసిన ధ్వని ముక్కలతో) నింపాయి.

అయితే ఆల్బమ్ మొత్తాన్నీ నెమ్మదిగా మార్చనవసరం లేదు, అలా చేస్తే అది హార్డ్‌కోర్‌గా మిగలదని నా అభిప్రాయం. కన్వర్జ్ బృందం 2001లో విడుదల చేసిన ‘జేన్ డో’లో పాటలెన్నో కుదించిన ఆగ్రహంలా దూసుకుపోతాయి, 11 నిమిషాలు దాటిన చివరి పాట మాత్రం నెమ్మదిగా విప్పుకుంటుంది. ముందున్న వేగం వల్లనే ఆ నిడివికి బరువు వచ్చింది. కాబట్టి మీ పాటలన్నింటి వేగాలను ఒక కాగితం మీద వరుసగా రాసుకొని, ఎక్కడ తాళం సగానికి దిగితే బాగుంటుందో గుర్తించండి. 180 వేగంలో నడుస్తున్న పాటలో స్నేర్ డ్రమ్ దెబ్బలను సగానికి తగ్గిస్తే అది 90 వేగంలో నడుస్తున్నట్లు వినిపిస్తుంది, మీటర్ మారకుండానే చోటు రెట్టింపవుతుంది. డిలే పెడల్‌ను (ధ్వనిని కొంత ఆలస్యంతో తిరిగి వినిపించే పరికరాన్ని) కూడా ఈ లెక్కకే కట్టాలి: 60,000ను వేగంతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో తెలుస్తుంది, అందులో ముప్పాతిక తీసుకుంటే ప్రతిధ్వని బీట్‌ల నడుమ పడి లయను ముందుకు తోస్తుంది. 72 వేగానికి అవి వరుసగా 833, 625 మిల్లీసెకన్లు అవుతాయి.

తరువాతది శ్రుతి, ఈ విషయంలో కొంత ఎక్కువసేపు ఆగవలసి ఉంది. బరువైన రిఫ్‌ల కోసం చాలామంది గిటార్‌ను డ్రాప్ సి ట్యూనింగ్‌కు దించుతారు. అప్పుడు మామూలుగా 82 హెర్ట్‌జ్ దగ్గర మోగే అడుగు తీగ 65 హెర్ట్‌జ్‌కు దిగుతుంది. తీగ మందం మార్చకుండా దించితే అది వదులై, గట్టిగా మీటిన ప్రతిసారీ శ్రుతి ఒక్క క్షణం పైకి జరుగుతుంది. రిఫ్ ఒక్కటే ఉన్నప్పుడు ఆ జరుగుడు దూకుడులా వినిపించవచ్చు గానీ, వెనుక నిలకడగా ఒక సింథ్ స్వరం మోగుతుంటే అదే అపశ్రుతిగా బయటపడుతుంది. కనుక అడుగు తీగకు కనీసం 0.052 నుంచి 0.056 అంగుళాల మందం ఉన్నదాన్ని ఎంచుకొని, గిటార్ మెడ వంపును, బ్రిడ్జ్ దగ్గర ఇంటొనేషన్‌ను (మెడ పొడవునా శ్రుతి కుదరడాన్ని) సరిచేయించుకున్న తరువాతే రికార్డింగ్‌కు కూర్చోవాలి.

ఇక స్వరాల సంగతి. హార్డ్‌కోర్ రిఫ్‌లకు ఆధారమైన పవర్ కార్డ్‌లో షడ్జమ పంచమాలే ఉంటాయి, గాంధారం ఉండదు. డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే ప్రభావం) రెండు స్వరాలను కలిపి నలిపినప్పుడు వాటి మొత్తాలు, భేదాల నుంచి కొత్త స్వరాలు పుట్టుకొస్తాయి. షడ్జమ పంచమాల జంట నుంచి పుట్టేవి మూలస్వరానికే బలం చేకూరుస్తాయి, గాంధారం చేరితే పుట్టేవి బురదలా వినిపిస్తాయి. ఈ పరిమితి యాంబియంట్ ధ్వనికి దొరికిన వరం. గిటార్ వదిలేసిన గాంధారాన్ని సింథ్ గాని, శుభ్రమైన రెండవ గిటార్ గాని, గుసగుసలాంటి గొంతు గాని పట్టుకోవచ్చు. వెనుక సాధారణ గాంధారం మోగితే ఆ రిఫ్ దిగులుగానూ, అంతర గాంధారం మోగితే తెరిపిగానూ వినబడుతుంది. గిటార్ వాయించే మనిషి మాత్రం ఒక్క వేలు కూడా మార్చడు. ఒకే రిఫ్‌ను ఆల్బమ్ మొదట్లో ఒక గాంధారంతోనూ, చివర్లో మరొక గాంధారంతోనూ వినిపిస్తే, గీతసాహిత్యంలో ఒక్క మాట చెప్పకుండానే మనోస్థితి మారిన సంగతి శ్రోతకు అందుతుంది. నిలిచి మోగే ధ్వని అంతటా తంబూరాలా షడ్జమాన్నే పట్టుకొని ఉండనక్కరలేదు, రిఫ్ మారినా కదలకుండా ఉండే ఒక పై స్వరాన్ని ఎంచుకుంటే కింద మారే ప్రతి కార్డుతోనూ దానికి కొత్త సంబంధం ఏర్పడుతుంది.

ఆ ధ్వనులను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్న ప్రశ్నకు నా సమాధానం, వీలైనంతవరకు మీ వాద్యాల నుంచే తెచ్చుకోవాలని. కంప్యూటర్‌లో సిద్ధంగా దొరికే పొరలు అందంగానే ఉంటాయి గాని, అవే మరో వందమంది ఆల్బమ్‌లలోనూ ఉంటాయి. ఆంప్ (ధ్వనివర్ధకం) ముందు నిలబడి తీగలను మీటకుండా ఫీడ్‌బ్యాక్‌ను (ఆంప్ ధ్వనికే తీగలు తిరిగి మోగడాన్ని) పది నిమిషాలపాటు రికార్డు చేయండి. ఆంప్‌కు మీరు నిలబడిన దూరాన్నిబట్టి, కోణాన్నిబట్టి ఏ స్వరం ఊపిరి పోసుకుంటుందో గమనిస్తే రెండవ రోజుకల్లా దాన్ని కోరినట్టు పలికించగలుగుతారు. వాల్యూమ్ నాబ్‌ను మూసి, తీగ మీటి, మెల్లగా తెరిస్తే మీటిన దెబ్బ మాయమై స్వరం మాత్రమే ఉబికి వస్తుంది. సింబల్ తోకను రికార్డు చేసి సగం వేగంతో ఆడిస్తే అది ఒక స్థాయి (ఆక్టేవ్) కిందకు దిగి, రెట్టింపు కాలం నిలిచి, ఏ సింథసైజరూ ఇవ్వని లోహపు ఊపిరిలా మారుతుంది. ఇలా సేకరించినవాటికి వేగం, శ్రుతి, తేదీ రాసిపెట్టుకోవడం మరవకండి, లేకుంటే ఆరునెలల తరువాత పేరులేని 300 ఫైళ్ల మధ్య వెతుకులాట తప్పదు.

పెడల్‌ల వరుస కూడా ధ్వని స్వభావాన్ని నిర్ణయిస్తుంది. డిస్టార్షన్ తరువాత డిలే, ఆ తరువాత రివర్బ్ ఉంటే రిఫ్ అంచు పదునుగా ఉండి వెనుక నీడ పడుతుంది. రివర్బ్‌ను ముందు పెట్టి దాని మీద డిస్టార్షన్ పోస్తే మాత్రం తోక కూడా దెబ్బంత గట్టిగా నలిగి, అంచులేని ఒక గోడగా మారుతుంది. ఆ గోడ పాట చివర ఉప్పెనలాంటి ఘట్టానికి అద్భుతంగా సరిపోతుంది, స్నేర్‌తో కలిసి తెగిపడవలసిన బ్రేక్‌డౌన్‌కు (పాట నెమ్మదించి బరువైన దెబ్బలు పడే భాగానికి) అసలు పనికిరాదు. రెండూ కావాలంటే గిటార్ సంకేతాన్ని రెండుగా చీల్చి, ఒక ఆంప్‌కు రివర్బ్ లేని పొడి ధ్వనిని, మరొకదానికి రివర్బ్ కలిసిన తడి ధ్వనిని పంపాలి. అప్పుడు రివర్బ్ ఎంత పెంచినా రిఫ్ తన ఎముకను కోల్పోదు.

రాసే దశలో ఒక పరీక్షను తప్పక పెట్టుకోమంటాను. 1999లో న్యూరోసిస్ ‘టైమ్స్ ఆఫ్ గ్రేస్’ను విడుదల చేసినప్పుడు, ఆ సభ్యులే ట్రైబ్స్ ఆఫ్ న్యూరోట్ పేరుతో ‘గ్రేస్’ అనే యాంబియంట్ ఆల్బమ్‌ను కూడా వెలువరించారు. రెండింటినీ విడివిడిగానూ, ఏకకాలంలో కలిపి ఆడించీ వినవచ్చు. రొసెట్టా అనే బ్యాండ్ కూడా 2005లో తన తొలి ఆల్బమ్‌ను ఇలాగే కలిపి వినదగిన రెండు డిస్క్‌లుగా రూపొందించింది. మీరు అంత దూరం వెళ్లనవసరం లేదు గాని, డెమోలో యాంబియంట్ ట్రాక్‌లన్నింటినీ వేరుచేసి, గిటార్లు, డ్రమ్స్ లేకుండా పాట మొత్తం నిడివి వినండి. అందులో ఏదో ఒకటి కదులుతూ, మొదలై, పెరిగి, విరిగితే అది పాటలో భాగం. నాలుగు నిమిషాలూ ఒకే మబ్బులా ఉంటే దాన్ని తీసేసినా ఎవరూ గుర్తించరు. అటువంటప్పుడు క్రమాన్ని తలకిందులు చేసి, ఒక యాంబియంట్ ముక్కను ముందుగా నిర్మించి దానికి రిఫ్ రాయండి. గిటారిస్టులకు ఇది మొదట చిరాకు తెప్పిస్తుంది, అలవాటైన చేతికదలికలు దానికి సరిపోవు గనుక.

రికార్డింగ్‌లో బరువు కోసం రిఫ్‌ను రెండుసార్లు విడిగా వాయించి కుడి ఎడమలకు పంచాలి. ఒకే ట్రాక్‌ను నకలు తీసి రెండు వైపులా పెడితే అది మధ్యలోనే వినిపిస్తుంది, వెడల్పు రాదు. రెండు ట్రాక్‌లు కలిసినప్పుడు డిస్టార్షన్ దట్టంగా తోస్తుంది కాబట్టి వేదిక మీద వాడేదానికన్నా గెయిన్‌ను (డిస్టార్షన్ మోతాదును) తగ్గించుకోవాలి. అందరూ మరిచేది సింబల్‌ల సంగతి. రివర్బ్ మెరుపు, సింథ్ పై అంచు, సింబల్ శబ్దం మూడూ ఒకే పై పౌనఃపున్యాల్లో పోటీ పడతాయి. పొర వినబడవలసిన చోట క్రాష్ సింబల్ మీద కాక ఫ్లోర్ టామ్ మీద లయ నడపమని డ్రమ్మర్‌ను కోరితే, ఏ ఈక్వలైజరూ చేయలేని శుభ్రత వస్తుంది. గాయకుడి అరుపును నలుగురి నడుమ నిలబడ్డ మనిషి గొంతులా పొడిగా ఉంచి, పదబంధం చివరి అక్షరాన్ని మాత్రమే డిలేలోకి పంపడం నాకు ఇష్టమైన పద్ధతి.

మిక్సింగ్‌లో రివర్బ్, సింథ్ ట్రాక్‌ల అడుగుభాగాన్ని 200 నుంచి 300 హెర్ట్‌జ్ దాకా కోసివేయండి, ఆ చోటు రిఫ్ గిటార్లకూ, బేస్ గిటార్‌కూ, కిక్ డ్రమ్‌కూ కావాలి. రివర్బ్‌కు 20 నుంచి 40 మిల్లీసెకన్ల ముందువిరామం ఇస్తే దెబ్బ ముందు, తోక తరువాత వినబడతాయి. రిఫ్ మోగుతున్నంతసేపు పొర తనంతట తాను కొద్దిగా వంగి, రిఫ్ ఆగగానే లేచేలా సైడ్‌చెయిన్ కంప్రెసర్‌ను కట్టవచ్చు. బరువైన భాగం ఇంకా బరువుగా రావాలంటే దాన్ని పెంచకండి, దాని ముందు ఎనిమిది బార్‌ల నెమ్మది భాగాన్ని ఒకటి రెండు డెసిబెల్‌లు తగ్గించండి. చివరగా మొత్తాన్ని మోనోలో (కుడి ఎడమలను ఒకటిగా కలిపి) విని చూడండి. వెడల్పు కోసం వాడిన కొన్ని ఎఫెక్ట్‌లు మోనోలో ఒకదాన్నొకటి రద్దు చేసుకొని పొరను మాయం చేస్తాయి.

మాస్టరింగ్ (విడుదలకు ముందు తుది మెరుగు) చేసేవారికి నెమ్మది భాగాలను రిఫ్‌ల స్థాయికి లాగవద్దని రాతపూర్వకంగానే చెప్పాలి. స్పాటిఫై వంటి వేదికలు మామూలు అమరికలో ధ్వనిస్థాయిని సుమారు −14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి తోచే గట్టిదనపు కొలమానం) సర్దుతాయి కాబట్టి, గట్టిగా నలిపిన మాస్టర్ అక్కడ వెనక్కి తగ్గించబడుతుంది. నలిపినందువల్ల పోయిన వ్యత్యాసం మాత్రం తిరిగి రాదు.

పాటల క్రమాన్ని వినైల్‌ను దృష్టిలో పెట్టుకొని వేయడం మంచిది, డిజిటల్‌గా మాత్రమే విడుదల చేసినా సరే. పన్నెండు అంగుళాల రికార్డు ఒక వైపు 20 నిమిషాల చుట్టూ ఉంటే అడుగు ధ్వనులకు తగినంత గాడి వెడల్పు దొరుకుతుంది, ఆ నిడివి రెండు అంకాలుగా ఆలోచించే క్రమశిక్షణనూ నేర్పుతుంది. సూది రికార్డు మధ్యకు జరిగేకొద్దీ గాడి దాని కింద నెమ్మదిగా కదులుతుంది, దాంతో పై పౌనఃపున్యాల స్పష్టత తగ్గుతుంది. అందువల్ల సింబల్‌లతో నిండిన అతివేగపు పాటను ప్రతి వైపు మొదట్లో ఉంచి, చివరి చోటును నెమ్మదిగా కరిగిపోయే పాటకు వదలండి. మొదటి వైపు చివరి పాటలోని ఫీడ్‌బ్యాక్ స్వరాన్నే రెండవ వైపు మొదటి రిఫ్‌కు మూలస్వరంగా తీసుకుంటే, రికార్డు తిప్పే విరామంలో కూడా శ్రోత చెవిలో ఆ శ్రుతి మోగుతూనే ఉంటుంది.