పండగ విందులో ఆకలి మాట వింటూ తినడం

విందు రోజున చాలామందికి తిండి అదుపు తప్పేది విందులో కాదు, ఆ రోజు పొద్దున. "ఎలాగూ రాత్రికి బాగా తింటాం కదా" అని పగలంతా కడుపు మాడ్చుకుంటారు. అంత ఆకలి మీద వెళ్తే చెయ్యి ముందు వేపుళ్ల మీదికి, స్వీట్ల మీదికి పోతుంది. నమలడం మానేసి మింగేస్తాం. అందుకే రోజూ తినే వేళకే, కాస్త తేలిగ్గా తినండి. విందు ఆలస్యమయ్యేలా ఉంటే బయల్దేరే ముందు ఒక పండో, ఉడికించిన గుడ్డో, చిన్న కప్పు పెరుగో తీసుకోండి. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లు భోజనం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే అడిగి ఉంచుకోవాలి.

వెళ్లగానే ప్లేటు అందుకోవద్దు. చేతులు ఖాళీగా పెట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఏమేం ఉన్నాయో చూసి రండి. ఎప్పుడూ దొరికేవి పక్కన పెట్టి, పండగకే దొరికేవి రెండో మూడో ఎంచుకోండి. ప్లేటులో సగం కూరగాయలు, సలాడ్; పావు భాగం పప్పు, చేప లేదా మాంసం; మిగతా పావు అన్నమో రొట్టెలో. స్వీటుకు చిన్న గిన్నె వేరే. రకాలు ఎక్కువైతే ఎందుకు ఎక్కువ తింటామంటే, ఒకే రుచి కాసేపటికి మొహం మొత్తుతుంది గానీ కొత్త రుచి తగలగానే మళ్లీ తినబుద్ధేస్తుంది. కడుపు నిండినా స్వీటుకు చోటున్నట్టు అనిపించేది అందుకే.

ఇక తినడం. కూర్చునే తినండి, వడ్డన బల్లకు దూరంగా. కడుపు నిండిన కబురు మెదడుకు పూర్తిగా అందడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. నోట్లో ముద్ద అయిపోయాకే తర్వాతి ముద్ద కలపండి. స్వీటు దగ్గర ఒక పని చేసి చూడండి: చిన్న ముక్క నాలుక మీద పెట్టి, వెంటనే కొరకకుండా దాని వాసన, మెత్తదనం, కరిగే తీరు గమనించండి. మొదటి రెండు మూడు ముక్కల్లో ఉన్న రుచి నాలుగో ముక్కకు తగ్గడం మీకే తెలుస్తుంది. ఆపాల్సింది అక్కడే.

సగం ప్లేటు అయ్యాక రెండు నిమిషాలు చెయ్యి ఆపి మాట్లాడండి. ఇంకా ఆకలిగా ఉందా, రుచి కోసమేనా అని చూసుకోండి. రుచి కోసమైనా తప్పేం లేదు, తెలిసి తినండి చాలు.

కూల్‌డ్రింకులు లెక్కలోకి రాకుండా జారుకుంటాయి. 330 మిల్లీలీటర్ల మామూలు కోలాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే దాదాపు తొమ్మిది చెంచాలు. మద్యంలో ఉండే ఆల్కహాల్‌కు గ్రాముకు 7 కేలరీలు. పైగా తాగాక "చాలు" అనడమూ కష్టమవుతుంది. తాగేవాళ్లు గ్లాసుకూ గ్లాసుకూ మధ్య మంచినీళ్లు తాగాలి.

బలవంతంగా వడ్డించేవాళ్లకు ఖాళీ ప్లేటే పిలుపు. కాస్త మిగిల్చి ఉంచండి. "వద్దు" అంటే నొచ్చుకుంటారు. "చాలా బాగుంది, ఇది తిన్నాక నేనే వేసుకుంటాను" అంటే వడ్డించిన మనసుకూ తృప్తి, మీకూ ఊపిరి.

ఎక్కువైపోతే మర్నాడు పస్తుండొద్దు, మళ్లీ అదే ఆకలి, అదే అతి. విందయ్యాక పది పదిహేను నిమిషాలు మెల్లగా నడవండి, షుగర్ పెరుగుదల కాస్త తగ్గుతుంది. పొద్దున ఎప్పటి టిఫిన్ ఎప్పటి వేళకే.