బడికి తీసుకెళ్లిన నీళ్ల సీసా నిండుగా తిరిగి రాకుండా ఎలా చూడాలి?

పొద్దున నింపి ఇచ్చిన సీసా సాయంత్రం ముప్పాతిక నీళ్లతోనే ఇంటికొస్తోందా? అలాంటప్పుడు "నీళ్లు తాగండర్రా" అని ఎంత చెప్పినా పెద్దగా ఫలితం ఉండదు. తాగనీయకుండా ఏది అడ్డుపడుతోందో ముందు చూడాలి. చాలా బడుల్లో ఆ అడ్డు మరుగుదొడ్డే. గడియ పడదు, వాసన భరించలేరు, క్లాసు మధ్యలో అడిగితే టీచర్ కసురుతారేమోనన్న భయం. దాంతో పెద్ద తరగతుల ఆడపిల్లలు దూపైనా ఓర్చుకుని కూర్చుంటారు. నీళ్లు తాగకపోవడం, మూత్రం ఆపుకోవడం రెండూ కలిస్తే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్, మలబద్ధకం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. పని ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

1. ముందు మరుగుదొడ్డి

గడియ, నల్లాలో నీళ్లు, మగ్గు, సబ్బు, మూతున్న చెత్తబుట్ట ఉన్నాయో లేవో రోజూ ప్రార్థనకు ముందే ఒకరు చూడాలి. పొద్దున కడిగితే సరిపోదు, మధ్యాహ్న భోజనం అయ్యాక మరోసారి కడిగించాలి. చెయ్యెత్తిన పిల్లల్ని కారణం అడగకుండా పంపండి. ఈ ఒక్కటీ కుదరకపోతే కింద చెప్పినవేవీ నిలబడవు.

2. నల్లాల లెక్క

700 మిల్లీలీటర్ల సీసా నింపి పక్కకు జరగడానికి ఒక్కొక్కరికి 15 సెకన్లు వేసుకోండి. అంటే ఒక నల్లా దగ్గర నిమిషానికి నలుగురు, పది నిమిషాల ఇంటర్వెల్‌లో 40 మంది. 300 మంది ఉన్న బడికి ఎనిమిది నల్లాలు కావాలి. రెండే ఉంటే చిన్నపిల్లలు వరుసలో తోపులాటకు భయపడి వెనక్కొచ్చేస్తారు. గంటకు 15 లీటర్లిచ్చే ఇంటి ఆర్ఓ మిషన్ పెట్టి చేతులు దులుపుకుంటే అదీ అంతే. దానికి నిల్వ ట్యాంకు లేకపోతే పది నిమిషాల ఇంటర్వెల్‌లో ముగ్గురి సీసాలే నిండుతాయి.

హైదరాబాద్‌లో చాలాచోట్ల జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మనిషికి లీటరు చొప్పున 300 మందికి రెండు రోజులకు 600 లీటర్ల తాగునీళ్లు నిల్వ ఉండాలి, అదీ మరుగుదొడ్ల ట్యాంకుతో సంబంధం లేకుండా. సంపులో నిలవున్న నీళ్లలో క్లోరిన్ తగ్గిపోతుంది. నల్లా దగ్గర కిట్‌తో చూస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి. లేకపోతే 1,000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్‌ను కొద్ది నీళ్లలో కలిపి, పైన తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోసి, గంట ఆగి వాడాలి. బోరు నీళ్లయితే పరీక్ష చేయించక తప్పదు: లీటరుకు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మేలు. ఉప్పగా ఉన్న నీళ్లను పిల్లలు ఒక గుక్క తాగి ఉమ్మేస్తారు.

చల్లదనానికి నల్లా పెట్టిన రంజన్ (మట్టి కుండ) చాలు. కొత్తదాన్ని ఒక రోజు నానబెట్టి, నీడలో గాలి ఆడేచోట, తడి ఇసుక మీద పెట్టండి. మన బోరు నీళ్ల ఉప్పు పేరుకుని సన్న రంధ్రాలు మూసుకుపోతే రంజన్ చల్లబడదు. వారానికోసారి కొబ్బరి పీచుతో రుద్దండి, సబ్బు వాడొద్దు.

3. సీసా

ఒకటి, రెండు తరగతులకు 500, పైవాళ్లకు 750 మిల్లీలీటర్ల స్టీలు సీసా సరిపోతుంది. లీటరున్నర సీసా బరువుకే ఇంట్లో వదిలేస్తారు. మూతలోని రబ్బరు రింగును రోజూ తీసి కడగాలి, నల్లటి బూజు అక్కడే పడుతుంది, వాసనొస్తే పిల్లలు ముట్టరు. రాగి సీసాలో నిమ్మరసం, మజ్జిగ పోయకూడదు. పులుపుకు రాగి కరిగి వాంతులవుతాయి.

4. నీళ్ల గంట

కేరళ బడుల్లో 2019లో మొదలైన పద్ధతి ఇది. మామూలు రోజుల్లో 10:30, 12:00, 2:30కు, ఒంటిపూట బడులప్పుడు 9:00, 10:15, 11:30కు గంట కొట్టండి. రెండు నిమిషాలు చాలు. అందరూ కూర్చున్నచోటే 150 నుంచి 200 మిల్లీలీటర్లు తాగాలి, టీచర్ కూడా తాగాలి. టీచర్ తాగని క్లాసులో వారం తిరిగేసరికి గంటను ఎవరూ పట్టించుకోరు. ఆటల పీరియడ్‌కు ముందూ వెనకా ఒక్కో గ్లాసు అదనం. కిడ్నీ, గుండె సమస్యలున్న పిల్లలకు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతే.

సరిపోతున్నాయో లేదో మూత్రం రంగు చెబుతుంది. లేత పసుపైతే మంచిది, ముదురు పసుపైతే ఇంకా తాగాలి. ఈ రంగులు చూపే బొమ్మను మరుగుదొడ్డి గోడ మీదే అతికించండి.

5. ఎండ ముదిరాక

కప్పు పెరుగుకు నాలుగు కప్పుల నీళ్లు, చిటికెడు ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ మంచిది. ఓఆర్ఎస్ రోజువారీ పానీయం కాదు, విరేచనాలకు వాడే మందు. డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని ఉన్న లీటరు ప్యాకెట్‌ను ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ అంచనాగా గ్లాసులో వేస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం. ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న తియ్యటి డబ్బా పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

ఎండలో ఆడిన పిల్లాడు తలతిరుగుతోందంటే నీడకు తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, గుక్క గుక్కగా తాగించండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఒంటి మీద నీళ్లు చల్లుతూ విసరాలి.