రొయ్యల చెరువు నీటిని సముద్రపు నాచుతో శుభ్రపరచుకొనే విధానం

హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ కోస్తాలో రొయ్యల చెరువులు కౌలుకు తీసుకున్నవారు, చెరువు నీటిని శుభ్రపరచడానికి సముద్రపు నాచును పెంచుకోవచ్చు. దానికి ఖర్చు పెట్టేముందు తమ చెరువు ఉప్పదనాన్ని ఒకసారి చూసుకోవాలి. గ్రాసిలేరియా అనే ఎర్ర నాచుకు లీటరుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల ఉప్పున్న నీరు అనుకూలం. చప్పబడిన బోరునీటి చెరువుల్లో ఈ ప్రయత్నం వృథా.

నాచు నీటిలో కరిగిన అమ్మోనియాను, నైట్రేటును, ఫాస్ఫేటును పీల్చుకుంటుందే తప్ప మురికిని వడకట్టదు. కనుక చెరువు నీటిని ముందు తేటతొట్టిలో నిలిపి, మేత తుక్కు, మలం అడుగుకు దిగిన తరువాతే నాచు తొట్టిలోకి వదలాలి. నాచును చెరువులోనే వేస్తే రొయ్యలు కొరుకుతాయి. వేరే తొట్టిలో తాళ్లకు కట్టి, ఎండ తగిలే లోతులో వేలాడదీయడం మేలు.

రంగును గమనించండి. ముదురు గోధుమ ఎరుపు కొమ్మలు నత్రజని బాగా అందుతోందని, పాలిపోయిన గడ్డిరంగు కొమ్మలు ఆకలితో ఉన్నాయని చెబుతాయి. పెరిగిన నాచును క్రమం తప్పక కోసి బయటికి తీయాలి. బద్ధకించి వదిలేస్తే అది కుళ్లి, పీల్చుకున్నదంతా తిరిగి నీటికే ఇస్తుంది. రాత్రివేళ నాచు కూడా ప్రాణవాయువునే వాడుకుంటుంది కాబట్టి, కరెంటు బిల్లుకు జంకి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆపకూడదు.