ఇంటి ఇంగ్లీషు, 7వ పాఠం: ‘సీ’ అంటే చూడటమేనా?

పోయిన పాఠంలో తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నా. ‘సీ అంటే చూడు, దానికి ఇంగ్ తగిలించకండి’ అని రెండు ముక్కల్లో తేల్చేసి, బరంపురం స్టేషన్లో కూర్చుని పది వాక్యాలు రాసి పంపమన్నాను. పంపారు. సగం మంది ‘ఐ యామ్ సీయింగ్ ద ట్రైన్’ అని రాశారు, అంటే నా మాట వినలేదు. మిగతా సగం మంది విన్నారు. అది ఇంకా ఘోరమైంది.

విని దెబ్బతిన్నవాళ్లలో ఒకమ్మాయి ఓ డాక్టరు గారి దగ్గర రిసెప్షన్లో పనిచేస్తోంది. ఎవరో ఫోన్ చేసి, డాక్టరు గారు ఖాళీగా ఉన్నారా అని ఇంగ్లీషులో అడిగారట. రోజూ అలవాటుగా చెప్పే మాట నోటిదాకా వచ్చి, నా పాఠం గుర్తొచ్చి ఆగిపోయి, ‘ద డాక్టర్ సీస్ పేషెంట్స్’ అందట. అంటే, ‘డాక్టరు గారు రోగులను చూస్తుంటారు’ అని. అవతలాయన ‘అది నాకూ తెలుసమ్మా, ఇప్పుడేం చేస్తున్నారు?’ అన్నాడు. సాయంత్రం నాకు మెసేజ్ పెట్టింది: ‘మాష్టారండీ, మా తలుపు మీద ద డాక్టర్ ఈజ్ సీయింగ్ ఏ పేషెంట్, ప్లీజ్ వెయిట్ అని బోర్డుంది. బోర్డు తప్పా, మీరు తప్పా?’

బోర్డే కరెక్టు. అందుకని ఈ వారం మొదలుపెడదామనుకున్న ‘హియర్’ (వినడం) పక్కన పెట్టి, మళ్లీ ‘సీ’ దగ్గరికే వస్తున్నా. సీ, సా, సీన్ రూపాలు ఆరో క్లాసులోనే అయిపోయాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను.

అసలు చిక్కు మన ‘చూడు’తో. తెలుగులో రెండు మాటలున్నాయి: చూడు, కనబడు. ‘సీ’ మొదట ‘కనబడు’కి చుట్టం, ఆ తర్వాతే ‘చూడు’కి. కళ్లు తెరిచి ఉంటే చాలు, మన ప్రమేయం లేకుండా జరిగేది ‘సీ’. కావాలని అటు కళ్లు తిప్పితే ‘లుక్’. కదిలేదాన్నో, జరుగుతున్నదాన్నో కాసేపు కనిపెట్టుకుని ఉంటే ‘వాచ్’. ఇంట్లో ఒడియా కూడా మాట్లాడేవాళ్లకి ఇంకా తేలిక. అక్కడా దేఖిబా (చూడటం) వేరు, దిశిబా (కనబడటం) వేరు. ‘మోతే దిశుచి’ (నాకు కనబడుతోంది) అన్నచోట ‘సీ’ పెట్టండి, తొంభై పాళ్లు తప్పు పోదు.

స్టేషన్లో మీకు జరిగేదే తీసుకుందాం. బోర్డు వైపు చూస్తూనే ఉన్నారు. ముందు నిలబడ్డ ఆయన నెత్తిన మూట. ప్లాట్‌ఫారం నంబరు కనబడలేదు. ‘ఐ వాజ్ లుకింగ్ ఎట్ ద బోర్డ్, బట్ ఐ కుడ్న్ట్ సీ ద ప్లాట్‌ఫామ్ నంబర్.’ చూడటం మీరు చేసిన పని, కనబడటం మీ చేతిలో లేదు. మూట అడ్డం వస్తే మీరేం చేస్తారు? పని కాదు కాబట్టే దానికి ‘చేస్తున్నాను’ అనే ఇంగ్ అతకదు. మరి ఇప్పుడు, ఈ క్షణాన కనబడుతున్నదాన్ని ఎలా చెప్పాలి? ‘కెన్’ పెట్టండి. పలాస దాటి మందస దగ్గరికొచ్చేసరికి ఎడమ పక్క కిటికీలోంచి మహేంద్రగిరి కనబడుతుంది. ఫోన్లో ఇంటికి చెప్పాల్సింది ‘ఐ కెన్ సీ మహేంద్రగిరి’ అని. ‘ఐ యామ్ సీయింగ్’ అని కాదు. 1,501 మీటర్ల కొండ, మీరు చూడకపోయినా కనబడుతుంది.

ఇక డాక్టరు గారి సంగతి. అక్కడ ‘సీ’కి కనబడటం అనే అర్థం లేదు, కలవడం అనే అర్థం ఉంది. కలవడం పని. పనికి ఇంగ్ వస్తుంది. ‘ఐ యామ్ సీయింగ్ ద బ్యాంక్ మేనేజర్ ఎట్ త్రీ’, మూడింటికి మేనేజర్ని కలుస్తున్నా. శుభ్రమైన ఇంగ్లీషు.

కానీ ఇక్కడే ఇంకో గొయ్యి. ఒకబ్బాయి మేనత్త కూతురు విశాఖ నుంచి వస్తోందని స్టేషన్‌కి వెళ్లి, ఆమె కోసం చూస్తున్నానని చెప్పబోయి ‘ఐ యామ్ సీయింగ్ మై కజిన్’ అని రాశాడు. ‘రేపు’ అనో ‘ఐదింటికి’ అనో ఒక మాట పక్కన ఉంటే కలవబోతున్నాడని అర్థమయ్యేది. ఏమీ లేకుండా వదిలేస్తే, వాళ్లిద్దరి మధ్య ప్రేమ వ్యవహారం నడుస్తోందని వినబడుతుంది. మేనరికాలున్న మన వైపు అది అబద్ధం కాకనూ పోవచ్చు, కానీ అబ్బాయి చెప్పాలనుకున్నది అది కాదు. ఎదురుచూడటానికి ‘వెయిటింగ్ ఫర్’ అనాలి. అందులో ‘సీ’కి చోటే లేదు.

ఇంకో రెండు చోట్ల కూడా ఇంగ్ చెల్లుతుంది. ఒకటి రెండుగా కనబడుతుంటే ‘ఐ యామ్ సీయింగ్ డబుల్’. లేనిది ఉన్నట్టు కనబడితే ‘యామ్ ఐ సీయింగ్ థింగ్స్?’ రెండో మాట నాకు చాలా ఇష్టం. కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా వాడతాను.

మిగతా అర్థాలు చకచకా. ‘ఐ సీ’ అంటే ‘ఓహో, అలాగా’. ‘లెట్ మీ సీ’ అంటే ‘ఉండండి, చూసి చెబుతా’. ‘వీల్ సీ’ అంటే ‘చూద్దాం’. మన చూద్దాంలాగే దానికీ చాలాసార్లు ‘కాదు’ అనే అర్థం, అప్పు అడిగినవాళ్లకి తెలుస్తుంది. ‘సీ దట్ ద గేట్ ఈజ్ లాక్డ్’ అంటే గేటుకి తాళం పడేలా చూడు.

‘సీ ఆఫ్’ మనకి నిత్యం పనికొచ్చే మాట. సూరత్ బండి ఎక్కించడానికి ఇంటిల్లిపాదీ స్టేషన్‌కి కదిలే ఊళ్లు మనవి. ‘వియ్ వెంట్ టు సీ హిమ్ ఆఫ్.’ దీన్ని అందరూ ‘సెండాఫ్ చేశాం’ అంటారు. సెండాఫ్ అనేది వీడ్కోలు సభ, హెడ్మాస్టరు రిటైరైనప్పుడు శాలువా కప్పి చేసేది. కుక్క దొంగని తరిమేసినా ‘సీ ఆఫ్’ అనే అంటారు, కాబట్టి సందర్భం చూసుకోండి.

నాకు ఒళ్లు మండేది మాత్రం వేరే ఉంది. తెలుగులో ‘చూడు’ అన్న ప్రతిచోటా ‘సీ’ అతికించడం. ఈ ఆవకాయ తిని చూడు అనడానికి ‘ఈట్ అండ్ సీ దిస్ పికిల్’ అని రాశారొకరు. పచ్చడిని చూడటమేమిటి? ‘ట్రై దిస్ పికిల్.’ పాలు వాసన చూడు: ‘స్మెల్ ద మిల్క్.’ ఉప్పు సరిపోయిందో లేదో చూడు: ‘చెక్ ద సాల్ట్.’ పిల్లాణ్ణి చూసుకో: ‘లుక్ ఆఫ్టర్ ద బాయ్.’ నాడి చూడు: ‘ఫీల్ ద పల్స్.’ జాతకం చూడు అనడానికి ఏమంటారో మీరే ఆలోచించండి. బోర్డు చూపిస్తూ ‘సీ ద బోర్డ్, సీ ద బోర్డ్’ అని అరిచే టీచర్ల దగ్గరే మనందరం చదువుకున్నాం. ‘లుక్ ఎట్ ద బోర్డ్.’ ఆ ‘ఎట్’ మింగేయొద్దు. ‘సీ’ పక్కన మాత్రం ‘ఎట్’ పెట్టొద్దు.

అన్నట్టు, అభ్యాసం. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నది, మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఒక్కో మాటా విని రాసుకుని. మీరు అంత చెయ్యక్కర్లేదు. ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా మీ ఇంట్లో ఎవరు ‘చూడు’ అన్నా, ఏ రూపంలో అన్నా, తెలుగైనా ఒడియా అయినా, అన్నది అన్నట్టు కాగితం మీద రాయండి. యాభైకి తగ్గవు. ఒక్కోదాని పక్కన కనబడటమా, చూడటమా, కలవడమా, అసలు చూపుతో పనే లేదా అన్నది తెలుగులోనే రాసి, ఆ తర్వాతే ఇంగ్లీషు రాయండి. పెళ్లిచూపుల మాట వస్తే దాన్ని విడిగా పంపండి. దానికి నా దగ్గర ఉన్న జవాబు నాకే నచ్చలేదు.