పసుపు దుంప మీది పచ్చబూజు

గీసుగొండ దగ్గర మా పసుపు చేనుకు దుంపకుళ్లు పట్టింది. కుళ్లిన ముక్కను హన్మకొండలో మా కాలేజీ ల్యాబ్‌లో అగార్ ప్లేటు (బూజులు పెంచే జెల్లీ పళ్లెం) మీద పెట్టాను. రోగం తెచ్చే పిథియం దూదిలా తెల్లగా వచ్చింది. నాలుగో రోజుకు దాని మీదికి పచ్చబూజు పాకింది. ప్లేటు పాడైందనుకుని రెండుసార్లు పారేశాను. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మూడోసారి సెల్లోటేపు ముక్కను బూజుకు అద్ది, నీలిరంగు చుక్క మీద అతికించి మైక్రోస్కోపులో 400 రెట్లలో చూశాను. పచ్చబూజుల్లో పెనిసిలియం అయితే చీపురులా, ఆస్పర్జిల్లస్ అయితే ఉబ్బిన తల చుట్టూ గింజలు పేర్చినట్టు ఉంటుంది. ఇక్కడ చెట్టులా చీలిన కొమ్మలు, చివర చిన్న కూజాలు, వాటి మూతి దగ్గర బీజాల గుత్తి. ట్రైకోడెర్మా! రోగం తెచ్చే బూజులను అణచే మేలు బూజు ఇది. మొదట నడిమధ్యన అద్దితే ఉత్త బీజాలే వచ్చాయి. తెలుపు పచ్చగా మారుతున్న అంచున అద్దాలి.

అందులో ఏ జాతో తేలాలంటే డీఎన్‌ఏ చూడాలి. అందుకే నా ప్లేటులోది చేనుకు వేయలేదు. కొన్న ట్రైకోడెర్మా 2 కిలోలను 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, గోనెసంచులు కప్పి వారం తడిపాం. కుప్ప పచ్చబడగానే బాపు అడిగాడు: "బూజు పట్టింది బిడ్డా, పారబొయ్యాల్నా?"