పాత రెమింగ్టన్ పిస్టల్‌కి తూటాలు నింపే ముందు ఇవి చూసుకోండి

1871 మోడల్ రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్, అదే అమెరికా ఆర్మీ వాడిన .50 క్యాలిబర్ సింగిల్ షాట్ పిస్టల్, చేతికొచ్చింది కదా అని వెంటనే తూటాలకి మందు పోసేయకండి. ఛాంబర్, అంటే తూటా కూర్చునే గది, ఖాళీయేనా, కళ్లతో చూసి వేలు పెట్టి కూడా చూడండి.

తర్వాత తుపాకులు బాగుచేసే మంచి గన్‌స్మిత్‌కి చూపించండి. బారెల్లో పగుళ్లు, తుప్పు గుంతలు సరే, అసలు చూడాల్సింది బ్రీచ్, అంటే బారెల్ వెనక భాగం. దాన్ని మూసే ఇనప దిమ్మే బ్లాక్. ఇందులో హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) కిందకి పడేటప్పుడు దాని అడుగు భాగమే బ్లాక్ వెనక అడ్డంగా నిలబడి లాక్ చేస్తుంది, అక్కడ అరిగిపోయి బ్లాక్ ఊగుతుంటే ఇంక పేల్చే మాటే వద్దు, గోడకి తగిలించుకోండి, అందంగానే ఉంటుంది.

మందు దగ్గర మాత్రం మొండిగా ఉండండి. బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు నల్ల మందు, ఒక్కటే. కొలత అదేగా అని స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి తూటాల్లో వాడే పొగ రాని మందు) పోస్తే పిస్టల్ మీ చేతిలోనే పేలిపోవచ్చు. టేబుల్ మీద ఒకే పౌడర్ డబ్బా ఉంచండి. కేస్‌లో, అంటే తూటా గొట్టంలో, పౌడర్‌కీ బుల్లెట్‌కీ మధ్య ఖాళీ వదలొద్దు.

బోర్ (బారెల్ లోపలి వెడల్పు) కొలిపించకుండా బుల్లెట్లు కొనొద్దు. సిగరెట్ దూరం, కళ్లద్దాలు తప్పనిసరి, సీసం ముట్టుకున్న చేత్తో ఏమీ తినొద్దు. ఎప్పటివో పాత తూటాలు దొరికితే పేల్చొద్దు, విప్పొద్దు కూడా.